మా హైబరీలో అయితేనా...

ఉత్తర లండన్‌లో ఆయన్ని పట్టుకోవడానికి చిరునామా అక్కర్లేదు. ఆర్సెనల్ ఫుట్‌బాల్ జట్టు మ్యాచ్ ఉన్న రోజున జనమంతా ఎమిరేట్స్ స్టేడియం వైపు నడుస్తుంటే, పబ్బు గుమ్మంలో ఎర్ర మఫ్లర్ చుట్టుకుని, ఎదుటి దిక్కుకు చెయ్యి చూపిస్తూ ఒక పెద్దమనిషి నిలబడి ఉంటారు. వయసు డెబ్బై దాటి ఉంటుంది. ఆ చెయ్యి చూపించేది హైబరీని. 1913 నుంచి 2006 దాకా ఆర్సెనల్ ఆడిన పాత గ్రౌండు అదే.

పోయింది పోయింది అని ఆయన కుమిలిపోతారు గానీ, పోయిన చోటు కూతవేటు దూరమే. శ్రీశైలం ముంపులో ఊరు పోగొట్టుకున్నవాళ్లకు చూపించుకోవడానికి నీళ్లు తప్ప ఏమీ మిగల్లేదు. ఈయనకు గోడలు కూడా ఉన్నాయి. తూర్పు స్టాండు ముఖభాగాన్ని వారసత్వ కట్టడం కాబట్టి కూల్చకుండా ఉంచి, లోపల ఫ్లాట్లు కట్టారు. ఆట స్థలం తోటయింది. అయినా సరే, పలకరిస్తే చాలు, పరామర్శకు వచ్చామనుకుంటారు.

'ఇవాళ చలి గట్టిగానే ఉందండీ' అని చూడండి.

'ఇదీ ఒక చలేనా! మా హైబరీలో అయితేనా...'

ఇక మీ సాయంత్రం ఆయనది.

విశేషమేమిటంటే, ఆ గ్రౌండు ఉన్నన్నాళ్లూ దాన్ని ఆయన తిట్టినట్టు ఎవరూ తిట్టి ఉండరు. స్తంభం అడ్డమొచ్చి గోలు కనపడలేదని, మరుగుదొడ్డికి వెళ్లిరావడమంటే సగం ఆట వదులుకోవడమేనని, టీ నీళ్లలా ఉందని రోజూ గొణిగేవారట. ఈ మాట ఆయన శ్రీమతి చెప్పారు, ఆయన పక్కన లేనప్పుడు. అక్కడ ఆఖరి ఆట జరిగిన 2006 మే 7 సాయంత్రానికల్లా ఆ స్తంభానికి ప్రాణమొచ్చింది. 'ఆ స్తంభం ఉండబట్టే బంతి ఎక్కడుందో ఊహించేవాళ్లం. ఇప్పటి కుర్రాళ్లకు అంతా కనపడుతుంది, అందుకే ఏమీ తెలీదు' అంటారు. ఎమిరేట్స్‌లో మెత్తటి సీట్లు, బోలెడన్ని మరుగుదొడ్లు, అడ్డంలేని చూపు. మనిషిని అవమానించడానికే ఇవన్నీ పెట్టారని ఆయన అభిప్రాయం.

చరిత్ర ఆయన దగ్గర పుష్కలంగా ఉంటుంది. అందులో ఆయన లేని ఘట్టం దొరకడం కష్టం. 1966లో మహమ్మద్ అలీ హైబరీలోనే హెన్రీ కూపర్‌తో తలపడి, కూపర్‌కు కంటి దగ్గర చీరుకుపోయి నెత్తురు కారుతుంటే ఆరో రౌండ్లో గెలిచాడు. ఆయన అక్కడున్నారు. 1958 ఫిబ్రవరి 1న మాంచెస్టర్ యునైటెడ్ 5-4తో గెలిచి, అయిదు రోజులకే మ్యూనిక్ విమాన ప్రమాదంలో సగం జట్టును పోగొట్టుకుంది. ఆరోజు తండ్రి భుజాల మీద ఉన్నారు. ఫుట్‌బాల్ లీగ్ ఆటకు రేడియోలో మొదటి ప్రత్యక్ష వ్యాఖ్యానం 1927 జనవరిలో ఇక్కణ్ణుంచే వెళ్లింది. అప్పటికి తనింకా పుట్టలేదని ఒప్పుకుంటారు. ఒప్పుకుని, 'మా నాన్న వెళ్లాడు' అంటారు.

గుర్రం సంగతి మాత్రం తనే చూసినట్టు చెబుతారు. నార్త్ బ్యాంక్ గట్టు పోసేటప్పుడు బొగ్గు బండివాడి గుర్రం గుంటలో పడిందట, బయటికి తీయలేక అక్కడే పూడ్చేశారట. తొంభైల్లో అక్కడ తవ్వితే గుర్రపు నాడాలు బయటపడ్డాయని కూడా చెప్పుకుంటారు. నిజమెంతో ఆ గుర్రానికే తెలియాలి. ఆయన లెక్కలో అది క్లబ్బుకు దొరికిన మొదటి నిలకడైన డిఫెండర్.

నార్త్ బ్యాంక్ అంటే గోలుపోస్టు వెనక నిలబడి చూసే మెట్ల వరస. 1935లో సండర్లాండ్ మీద ఆటకు గ్రౌండులో 73,295 మంది ఉన్నారు. చివరికొచ్చేసరికి అందరికీ సీట్లు వేయడంతో ఆ సంఖ్య 38 వేల చిల్లరకు తగ్గింది. 1989లో హిల్స్‌బరో స్టేడియంలో అభిమానులు జనం కింద నలిగి చనిపోయాక, పెద్ద స్టేడియాల్లో అందరికీ సీట్లు వేయాలని ప్రభుత్వం వేసిన విచారణ సిఫారసు చేసింది. ఆ మాట ఎత్తితే మాత్రం పెద్దమనిషి కాసేపు ఊరుకుంటారు. ఆయనకూ తెలుసు. 1992లో నార్త్ బ్యాంక్ కూల్చి కొత్తది కట్టేటప్పుడు, ఖాళీ కనపడకుండా జనం బొమ్మలు వేసిన పెద్ద తెర కట్టారు. ఆ జనంలో ఒక్క నల్లజాతి మొహమూ లేదని గొడవై, తర్వాత దిద్దారు. అప్పటికే నల్లజాతి ఆటగాడు ఇయాన్ రైట్ ఆ క్లబ్బుకు గోల్స్ గుమ్మరిస్తున్నాడు, గీసినవాళ్ల కళ్లు ఎక్కడున్నాయో మరి! 'అందులో మూడో వరసలో ఉన్నది నేనే' అంటారు మన పెద్దమనిషి. గోలు పడ్డా నోరెత్తని మనుషుల మధ్య తనని పెట్టినందుకు ఇప్పటికీ ఆయనకు కోపమే. అసలే ఎదుటి జట్లవాళ్లు హైబరీని లైబ్రరీ అని ఎగతాళి చేసేవారు.

ఆయన నిజంగా పోగొట్టుకున్నది మరొకటి ఉందని నా అనుమానం. పక్కన నిలబడే మనిషి. పాతికేళ్లు ఒకే చోట, భుజం తగులుతూ చూశారట. ఆ మనిషి దగ్గు తెలుసు, ఏ తప్పుకు ఏ బూతు తిడతాడో తెలుసు, టీ ఫ్లాస్కు మూత ఎటు తిప్పితే వస్తుందో తెలుసు. పేరు మాత్రం అడగలేదు. కొత్త స్టేడియంలో సీట్లు వేరేచోట వచ్చాయి. పేరు తెలియనివాణ్ణి అరవై వేల మందిలో ఎలా వెతకడం? ఈ ముక్క ఆయన ఒక్కసారే చెప్పారు. వెంటనే రిఫరీలను తిట్టడం మొదలుపెట్టారు.

వీలు చిక్కినప్పుడల్లా పాత చోటుకు నడుస్తారు. నేనూ ఒకసారి వెంట వెళ్లాను. తోట మధ్య బాటలో ఒకావిడ కూరగాయల సంచీతో వస్తోంది. ఈయన టోపీ తీసి, 'అమ్మా, తమరిప్పుడు పెనాల్టీ స్పాట్ మీద ఉన్నారు' అన్నారు.

ఆవిడ సంచీ చెయ్యి మార్చుకుంది. 'తెలుసండీ. మొన్న ఇంకొకాయన మా వంటింటి కిటికీ కింద ఉందన్నారు.'

'వాడు టాటెన్‌హామ్ వాడై ఉంటాడు' అన్నారు ఈయన.

బద్ధశత్రువైన టాటెన్‌హామ్ పేరు వస్తే హైబరీ ఆఖరి రోజు కథ రాక తప్పదు. నాలుగో స్థానం కోసం ఇరుగుపొరుగు క్లబ్బులు రెండూ పోటీపడుతున్నాయి. టాటెన్‌హామ్ ఆటగాళ్లకు ముందురోజు రాత్రి వాంతులు పట్టుకున్నాయి. హోటల్లో తిన్న లాసానియా మీదకు నెపం పోయింది. అది వైరస్ పనేనని, వంటకం తప్పేమీ లేదని తర్వాత పరీక్షల్లో తేలింది. వాళ్లు వెస్ట్‌హామ్ చేతిలో ఓడారు. ఇక్కడ ఆర్సెనల్ 4-2తో విగన్ మీద గెలిచింది. థియరీ ఆన్రీ మూడు గోల్స్ కొట్టి, ఆఖరి పెనాల్టీ పడ్డాక మోకాళ్ల మీద వంగి పచ్చికను ముద్దు పెట్టుకున్నాడు. ఆ ముద్దు తనకు పది గజాల్లో పడిందంటారు పెద్దమనిషి. ఆ పది గజాల్లోనే ఉన్నామనేవాళ్లు ఆ పబ్బులోనే పదిహేనుమంది తేలతారు.

ఈమధ్య ఆయనకు ఒక శిష్యుడు దొరికాడు. వరంగల్ కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద లండన్ వచ్చాడు. ఇంజినీరింగ్ హాస్టల్లో టీవీ ముందు ఆర్సెనల్ పిచ్చి పట్టింది. హైబరీని కంటితో చూడలేదు గానీ, అప్పటి ఆటగాడు బెర్గ్‌క్యాంప్ గోల్స్ అన్నీ ఫోన్లో చూసి కంఠస్థం. వాడికి పెద్దమనిషి దేవుడు. పెద్దమనిషికి వాడు, విసుక్కోకుండా వినే మొదటి మానవుడు.

మొన్న పబ్బులో మళ్లీ ఆఖరి రోజు కథ నడుస్తోంది. ఆన్రీ మూడో గోలు తలతో కొట్టాడన్నారు ఈయన. 'పెనాల్టీ కదా సార్, తలతో కాదు' అన్నాడు కుర్రాడు మెల్లగా.

పెద్దమనిషి గ్లాసు కింద పెట్టి వాణ్ణి ఎగాదిగా చూశారు. 'అవునయ్యా, పెనాల్టీయే. నువ్వు పక్కనుండి చెబితే గుర్తొచ్చింది' అని, బల్ల చుట్టూ ఉన్నవాళ్లకు చూపించారు. 'ఆరోజు నా పక్కన నిలబడ్డది ఈ కుర్రాడే. ఒకటే వణుకు, పాపం, స్వెట్టర్ కూడా లేదు.'

ఆ ఏడు మే నెలలో వాడు వరంగల్‌లో నాలుగో తరగతి సెలవుల్లో ఉన్నాడు. నా వైపు ఒకసారి చూసి, 'చలి గట్టిగానే ఉండింది సార్' అన్నాడు.