అంచున తొమ్మిది చుక్కలు

బైబిల్లో 1,189 అధ్యాయాలు ఉన్నాయి. రోజుకు మూడు, ఆదివారం అయిదు చొప్పున చదువుకుంటూ వెళ్తే ఏడాదికి పూర్తవుతుంది, రెండు మూడు రోజులు మిగులుతాయి కూడా. తొమ్మిదేళ్లు అలాగే చదివాను. తెల్లవారుజామున అయిదింటికి లేవడం, చదివిన ప్రతి అధ్యాయం పక్కనా అంచున పెన్సిల్‌తో చుక్క పెట్టడం. ఏటా డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో లేచి, దేవుని కృపవల్ల ఈ సంవత్సరం కూడా గ్రంథం ఆద్యంతం చదివానని సాక్ష్యం చెప్పేవాణ్ణి. పిల్లలు నన్ను చూసి నేర్చుకోవాలని పెద్దలు అనేవారు. ఆ మాట కోసం డిసెంబరులో తొందర తొందరగా చదివిన రోజులు ఉన్నాయి. ఇది ఇంతవరకు ఎవరితోనూ చెప్పలేదు.

మాది పాలకొల్లు. 1836లో ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలతో ఓడెక్కి వచ్చారు. బీర్ నరసాపురంలోను, బౌడెన్ మా ఊళ్లోను ఉండి సువార్త చెప్పారు. ఆ మాట విని నమ్మినవాళ్లలో ఎక్కువమంది రోజుకూలీలు. మా తాత తండ్రి అలాంటివాడే. తాతకూ అక్షరం రాదు. ఆదివారం విన్న ఒక్క వాక్యం వారమంతా పొలంలో నెమరు వేసుకునేవాడట. నాకు చదువొచ్చింది, కొబ్బరికాయల వ్యాపారం వచ్చింది, నా దగ్గర కాయలు వలిచే మనుషులూ వచ్చారు.

ఒక ఏప్రిల్ పొద్దున, మొదటి దినవృత్తాంతముల వంశావళుల్లో ఉన్నాను. ఆ పేర్లన్నీ గబగబా దాటిపోవాలి. గుమ్మంలో మా వలుపు మనిషి. పన్నెండు రోజుల కూలి నా దగ్గరే ఉంది. "పిల్లకి జ్వరమండి బాబుగారూ, కాస్త డబ్బులిస్తే ఆసుపత్రికి తీసుకెళ్తానండి" అన్నాడు. "వాక్యం చదువుకుంటున్నానయ్యా, కూర్చో" అన్నాను. అరుగు మీద కూర్చున్నాడు. నేను చదవడం ముగించి, చుక్కలు పెట్టి, ప్రార్థన చేసుకుని బయటికి వచ్చేసరికి ముప్పావు గంటయింది. అప్పటికి నరసాపురం వెళ్లే తొందర. "సాయంత్రం రా, ఇస్తాను" అన్నాను. తలూపి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇచ్చాను. చాలా రోజుల తరవాత మా ఆవిడ చెప్పింది. ఆ పొద్దున అతని భార్య చెవిదిద్దులు తాకట్టుపెట్టి పిల్లను తీసుకెళ్లిందట. పిల్ల కోలుకుంది, దిద్దులు మాత్రం ఇంకా విడిపించుకోలేదట. విన్నాను, అయ్యో అన్నాను, మర్చిపోయాను.

మళ్లీ ఫిబ్రవరి ఆఖరి వారం వచ్చింది. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం. పేద కూలివాడి కూలి ఆ దినమే, పొద్దు గుంకకముందే ఇచ్చెయ్యమనీ, వాడు దానిమీదే ఆశ పెట్టుకుని ఉంటాడనీ చెప్పే చోటు. ఎప్పటిలాగే చుక్క పెట్టబోయాను. అంచున అప్పటికే తొమ్మిది చుక్కలు ఉన్నాయి.

పెన్సిల్ కింద పెట్టి పేజీలు వెనక్కి తిప్పాను. లేవీయకాండము 19లోనూ అదే మాట, కూలివాడి సొమ్ము తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని. అక్కడ పది చుక్కలు. పదోది మూడు వారాల కిందటే పెట్టాను. ముందుకు తిప్పాను. యిర్మియా 22లో ఉంది, మలాకీ 3లో ఉంది, యాకోబు పత్రిక 5లో ఉంది. ఆ మూడు చోట్లా తొమ్మిదో చుక్క పెట్టింది అతన్ని అరుగు మీద కూర్చోబెట్టిన ఏడాదే, ఆ సంగతి జరిగిన తరవాత. ఒక్క చోటా నా కన్ను ఆగలేదు. అక్షరం రాని మా తాతకు ఒక్కసారి వింటే అందే మాట, నాకు నలభై ఆరు సార్లు చదివినా అందలేదు.

ఆ రోజు మిగిలిన అధ్యాయాలు చదవలేదు. అతని ఇంటికి వెళ్లాను. దిద్దుల మీద అప్పు, వడ్డీ ఎంతయిందో అడిగి చేతిలో పెట్టి, క్షమించమన్నాను. "అప్పుడెప్పుడో అయిపోయిందిగా, పోనివ్వండి బాబుగారూ" అన్నాడు. లోపలినుంచి అతని భార్య ఏమీ అనలేదు. అనకపోవడమే న్యాయం.

నేను చదవడం మానలేదు. మానకూడదు కూడా. రోజుకు ఒక్క అధ్యాయం చదువుతున్నాను, కొన్ని రోజులు అదీ సాగదు, ఒక్క వచనం దగ్గరే ఉండిపోతాను. పెన్సిల్ దగ్గర పెట్టుకోవడం లేదు. కాయలు వలిచేవాళ్లకు ఏ రోజు కూలి ఆ రోజే, సాయంత్రం అయిదింటికి ఇస్తున్నాను.

ఆ ఏడాది డిసెంబరు 31 రాత్రి సాక్ష్యానికి నేను లేవలేదు. అప్పటికి నా చదువు యోబు గ్రంథం దగ్గరే ఉంది.