వణికే చేతుల వార్డులో

డిజిటల్ బీపీ మిషన్లు వచ్చాక నావంటి పాదరసం మిషన్లను చాలాచోట్ల అటకెక్కించారు. పాదరసం వాడకం తగ్గించాలన్న మినమాటా ఒప్పందాన్ని భారతదేశం 2018లో ఆమోదించింది కూడా. అయినా మడకశిర మనుషులు వచ్చి చేరే ఈ వార్డులో నాకింకా పని ఉంది. తాగుడు మానిన రెండోనాటి చెయ్యి కుదురుగా ఉండదు. దానికి డిజిటల్ మిషన్ కడితే వణుకు ఏదో, నాడి ఏదో తేల్చుకోలేక తెర మీద ‘ఎర్రర్’ చూపిస్తుంది. అప్పుడు సిస్టరమ్మ నన్ను తెస్తుంది. పట్టీ చుట్టి, గాలి కొట్టి, చెవులకు స్టెత్ పెట్టుకుని, చప్పుడు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో విని రాసుకుంటుంది.

అగళి, అమరాపురం తోటల్లో వక్కగెలలు దించే చేతులు, ధర్మవరం మగ్గం మీద అరిగిన చేతులు, బెంగళూరుకు కూలికిపోయి సిమెంటుకు పగిలిన చేతులు అన్నీ నాకు తెలుసు. మా మడకశిరకు మూడు వైపులా కర్ణాటకే. పావగడ, శిర, మధుగిరి బస్సెక్కితే వచ్చేస్తాయి. ఇక్కడ దుకాణం మూస్తే సీసా అక్కడ దొరుకుతుంది. హిందూపురం నుంచి గెలిచి ముఖ్యమంత్రి అయిన ఎన్టీఆర్ 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో అది పోయింది. ఆ నిషేధం వెనక దూబగుంట ఆడవాళ్ల సారా వ్యతిరేక పోరాటం ఉంది, దానికి నేను మొక్కుతాను. కానీ ఊళ్లోంచి సారా తీసెయ్యడం ఒక పని, ఏళ్లుగా దానికి మరిగిన ఒంట్లోంచి తియ్యడం ఇంకో పని. రెండోదానికి డాక్టరు ఉండాలి.

వార్డుకు వచ్చేవాళ్లలో చాలామంది తాగుతూ రారు, మానేసి వస్తారు. ఒకాయన మాల వేసుకున్నాడు. ఇంకొకాయన్ని ఇంట్లోవాళ్లు గదిలో పెట్టి గొళ్లెం వేశారు. వేరొకాయన కాలు విరిగి ఆసుపత్రిలో పడుకున్నాడు, తాగుతాడన్న మాట ఎవరూ డాక్టరుకు చెప్పలేదు. భార్య వణికిపోతూ చెప్పేది ఒకటే తీరుగా ఉంటుంది: “మానేసి మూడు దినాలాయ సారూ. గోడ మీద చీమలు పాకుతాండాయంటాడు. చచ్చిపోయిన వాళ్ల నాయన పిలుస్తాండాడంటాడు. గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టిస్తిమి.”

“గాలి కాదమ్మా” అంటారు డాక్టరు. “కడాగా ఎప్పుడు తాగినాడు? దినానికి ఎంత తాగేవాడు? ఇంతకు ముందు ఎప్పుడన్నా మానితే ఫిట్స్ వచ్చినాయా?”

ఈ వైద్యమంతా ఆ ప్రశ్నల మీదే నడుస్తుంది. మద్యం మెదడును రోజూ మత్తులోకి లాగుతుంటే, మెదడు మెలకువ వైపు అంతే బలంగా లాగడం నేర్చుకుంటుంది. తాడును ఒకవైపు వాళ్లు ఒక్కసారిగా వదిలేస్తే రెండోవైపు వాళ్లు వెల్లకిలా పడరా? అదే జరుగుతుంది. ఆఖరి గుక్క తర్వాత ఆరేడు గంటలకు వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి మతి తప్పి, జ్వరం కాసి, గుండె పరుగెడుతుంది. 1813లో థామస్ సటన్ అనే ఇంగ్లీషు వైద్యుడు దీనికి డెలీరియం ట్రెమెన్స్ అని పేరు పెట్టాడు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. నల్లమందు జాతి మత్తులు మానితే నరకయాతనే గానీ ఆ యాతనతో చనిపోవడం అరుదు. మద్యం, నిద్రమాత్రలు అలా కాదు.

చేరగానే సిస్టరమ్మ “చేతులు చాపన్నా, వేళ్లు విడదియ్యి” అంటుంది. వణుకు, చెమట, ఆందోళన, వాంతి, లేనివి కనిపించడం, వినిపించడం, ఇలా పది లక్షణాలకు మార్కులు వేస్తుంది. మొత్తం 67కు. నేను చెప్పే అంకె ఆ లెక్కలో కలవదు, పక్కన రాస్తారు. అయినా నాడితో పాటు నన్నూ మళ్లీ మళ్లీ చూస్తారు. మార్కులను బట్టి క్లోర్‌డయాజిపాక్సైడ్ మాత్రలిచ్చి రోజురోజుకూ తగ్గిస్తారు. 1960లో అమ్మకానికి వచ్చిన పాత మందు అది. లివర్ బాగా చెడినవాళ్లకైతే లోరాజిపామ్ వాడతారు.

ఇక గ్లూకోజు గురించి. “మనిషి నీరసించిపోయినాడు, ఒక బాటిల్ ఎక్కించండి సారూ” అని ప్రతి ఇంటివాళ్లూ అడుగుతారు. కూడు మానేసి తాగినవాడి ఒంట్లో థయమిన్, అంటే బీ1 విటమిన్, అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు. చూపు చెదిరి, నడక తూలి, జ్ఞాపకం శాశ్వతంగా పోయినవాళ్లున్నారు. అందుకే ఇక్కడ థయమిన్ సూది ముందు పడుతుంది. ఖరీదైన మందు కూడా కాదు. ప్రతి పల్లె వైద్యుడికీ ఈ ఒక్క ముక్క చేరాలని నా ఆరాటం.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలన్నీ ఒక్కసారే మూసినప్పుడు, హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వణికే చేతులు బారులు తీరాయి. కేరళ ప్రభుత్వమైతే డాక్టరు చీటీ మీద మద్యం ఇస్తామంది, అక్కడి హైకోర్టు ఆపింది. ఆ జులైలో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లను తాగుబోతులని తేలిగ్గా అనేశారు. నాకు మాత్రం అప్పుడు వాళ్ల చేతులు ఎలా వణికి ఉంటాయో తెలుసు.

వారం పది రోజులకు చెయ్యి నిలుస్తుంది. ఆశ నిలవదు, అది మళ్లీ సీసావైపే పోతుంది. అసలు వైద్యం అప్పుడు మొదలవుతుంది. నాల్‌ట్రెక్సోన్ వంటి మాత్రలు, కౌన్సెలింగ్, నెలనెలా చూపించుకోవడం. కష్టమైన కేసుల్ని బెంగళూరు నిమ్హాన్స్‌కు పంపుతారు. ఇంకొకటి, డైసల్ఫిరామ్. అది వేసుకుని తాగితే ముఖం ఎర్రబారి, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. మనిషికి చెప్పి, అతను ఒప్పుకున్నాకే ఇవ్వాల్సిన మందు. దాన్ని కూరలో కలిపిపెట్టిన ఇంటినుంచి ఒకాయన్ని మోసుకొచ్చారు. నా పాదరసం అంత కిందికి దిగడం అదే చూశాను. ఆ ఇల్లాలు చేసింది ప్రేమతోనే. ఎవరూ ఆమెకు చెప్పలేదు.

మొన్న ఒక మడకశిర మనిషి రెండోసారి వచ్చాడు. ఆర్నెల్లు నిలిచి, తమ్ముడి పెళ్లిలో మళ్లీ మొదలుపెట్టాడట. ఈసారి ఇంట్లోవాళ్లు గొళ్లెం వెయ్యలేదు. వణుకు ముదరకముందే తెల్లవారుజామున భార్య బస్సెక్కించి తెచ్చింది. “నిన్న రాత్రి ఎనిమిదింటికి సారూ, కడాగా తాగింది. పోయినసారి ఫిట్స్ వచ్చినాయి” అని అడక్కముందే చెప్పింది. డాక్టరు అతన్ని ఒక్క మాట అనలేదు. సిస్టరమ్మ థయమిన్ సూది సిద్ధం చేసి, నా పట్టీ విప్పింది.