నీటి మీద అప్పు

కామవరపుకోట మెట్ట ఊరు. బోరు వేస్తే తప్ప నీళ్లు కనబడని నేల, ఆయిల్ పామ్ తోటలు, కాస్త దూరంలో గుంటుపల్లి బౌద్ధ గుహల కొండలు. అక్కడి హైస్కూల్లో ఏళ్ల తరబడి సోషల్ చెప్పిన మాస్టారు మాత్రం పుట్టింది కొల్లేటి లంకలో. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చిన నీళ్లన్నీ కొల్లేట్లో నిలిచి, ఉప్పుటేరు మీదుగా సముద్రంలో కలుస్తాయని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పేవారు. ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతరకి, అమ్మ ఒళ్లో కూర్చుని తాటిదోనెలో కొల్లేటికోట వెళ్లిన సంగతీ ఆ పాఠంలోనే వచ్చేది.

2021లో అరవై నిండి రిటైరయ్యాక ఆయన కోరిక ఒక్కటే. పడవ కట్టించుకుని కొల్లేటి మీద కాపురం పెట్టాలి.

రేకు కప్పు గది, రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, సోలారు దీపం, పుస్తకాలకో అర. లంకలో తనకు చిన్ననాటి నుంచీ తెలిసిన పడవల మేస్త్రీకి కొలతలన్నీ కాగితం మీద గీసిచ్చారు.

"అమ్మగారు ఎక్కగలరాండి?" అన్నాడు మేస్త్రీ.

ఆవిడకి మోకాళ్ల నొప్పులు. అందుకని పడవ లోపలివైపు, అంచుకి జానెడు కింద, వెడల్పాటి మెట్టొకటి పెట్టమన్నారు. కొల్లేటి పడవలకి మెట్టుండదు. అయినా మేస్త్రీ సరేనని, ఇరవై వేలు అడ్వాన్సు తీసుకుని చెక్క కోయించాడు. మొత్తం నాలుగు లక్షలవుతుందన్నాడు.

ఆ నాలుగు లక్షలే లేవు. పెన్షన్లో 40 శాతం కమ్యూట్ చేస్తే వచ్చిన సొమ్ము కూతురి పెళ్లి బాకీలకి సరిపోయింది. ఆ కోత తీరి పూర్తి పెన్షన్ మళ్లీ చేతికి రావాలంటే 15 ఏళ్లు ఆగాలి. పెన్షన్ మీద తీసుకున్న అప్పు ఇంకా నడుస్తూనే ఉంది. పీఎఫ్ అంతా కొడుకు చదువుకి అయిపోయింది. నెలనెలా పెన్షన్ పడే బ్యాంకుకే వెళ్లి అడిగారు.

మేనేజరు మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, టీ తెప్పించి, అంతా విన్నాడు.

"ఇంటికైతే సర్వే నంబరుంటుంది మాస్టారూ. పడవకి ఏ నంబరు రాసుకోమంటారు?"

"కేరళలో హౌస్‌బోట్లకి అప్పులిస్తారు కదండీ?"

"వాటి మీద అద్దె వస్తుంది. మీరేమో అందులో ఉంటానంటున్నారు. పైగా కొల్లేరు అయిదో కాంటూరు దాకా 1999లోనే అభయారణ్యం అయింది. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో లోపలి చేపల చెరువుల గట్లు ఎలా పేల్చేశారో మీకు తెలియనిదా? అలాంటి చోటికి అప్పిస్తే ఆడిటర్లు ఊరుకోరు. నీళ్ల మీద ఇవ్వలేనండీ. నేల చూపించండి, రేపే ఇస్తాను."

దారి కూడా ఆయనే చెప్పాడు. అబ్బాయికి విజయవాడలో ఉద్యోగం. తండ్రీకొడుకులిద్దరి పేరా 20 ఏళ్ల ఇంటి లోను పెట్టుకోవచ్చు. ఇంట్లో అందరూ ఆ మాటే పట్టుకున్నారు. ఆసుపత్రి దగ్గర, మనవరాలి బడి దగ్గర, రైలు దగ్గర.

ఇల్లు సింగ్‌నగర్‌లో కుదిరింది. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ప్లాను, లాయరు ఒపీనియన్, వాల్యుయేషన్, ఒక్క కాగితానికీ వంక లేదు. వరదొస్తే నీళ్లు ఎటు పోతాయని అడిగే గడి మాత్రం ఆ ఫారాల్లో ఎక్కడా లేదు. 2005లో బుడమేరు ఆ వీధుల్ని ముంచిన సంగతి మాస్టారు ఎరుగుదురు. కానీ ఇన్ని వేలమంది ఉంటున్నారు, బ్యాంకే మనిషిని పంపి చూసుకుంది, తను ఏమని కాదంటారు? సంతకం పెట్టారు. ఆ సాయంత్రమే మేస్త్రీకి ఫోన్ చేసి, పడవ వద్దు, అడ్వాన్సు నువ్వే ఉంచుకో అన్నారు.

2024 ఆగస్టు 31న కుండపోత. బుడమేరు గట్టుకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. మర్నాడు ఆదివారం వాకిట్లోకొచ్చిన నీళ్లు చూస్తుండగానే కిటికీ దాటాయి. కొడుకు కుటుంబంతో హైదరాబాదు వెళ్లి, రోడ్లూ రైళ్లూ ఆగిపోయి అక్కడే చిక్కుబడ్డాడు. ముసలివాళ్లిద్దరూ మాత్రల డబ్బా, మంచినీళ్ల బిందె, ఇంటి కాగితాల ఫైలు పట్టుకుని డాబా ఎక్కారు. కరెంటు లేదు, ఫోను లేదు. కింద వంటింట్లో గ్యాసు బండ తేలి గోడకి కొట్టుకుంటున్న చప్పుడు రాత్రంతా వినబడుతూనే ఉంది. తను బోర్డు మీద గీసి చూపించిన ఏరు ఇదే. కొల్లేటికి పోవలసిన నీళ్లు ఇంటింటా నిలబడ్డాయి.

మంగళవారం పొద్దున వీధిలోకి పడవొచ్చింది. మేడమెట్ల పక్కకి చేర్చి ఆపారు. మాస్టారు రెక్క పట్టుకుంటే, ఆవిడ భయపడుతూ అంచు దాటించి కాలు లోపల పెట్టింది. పాదం కింద గట్టిగా ఏదో తగిలింది.

"ఏవండీ, ఇందులో మెట్టుంది!"

మాస్టారు తలెత్తి చూశారు. వెనక గెడ వేస్తున్న మనిషి తలగుడ్డ విప్పాడు.

"మాస్టారండీ! మీరిక్కడున్నారేంటండి!"

పడవ కదిలాక మేస్త్రీ చెప్పుకొచ్చాడు. "చెక్క కోసేశాను కదండి, పారెయ్యలేక కట్టేశాను. గదొక్కటే కట్టలేదు. మా అల్లుడు తీసుకున్నాడు. ఇక్కడికి పడవలు కావాలంటే లారీకెక్కించి తెచ్చామండి."

"అల్లుడికి అంత డబ్బెక్కడిది?"

"బ్యాంకు అప్పండి. మీకు పెన్షన్ పడే బ్యాంకేనండి."

"పడవకి అప్పిచ్చారా!"

"పడవకెందుకిస్తారండీ? చేపల చెరువుకిచ్చారు. మేత వెయ్యడానికి పడవ కావాలి కదండి, అందులో కలిపి రాశారు. అల్లుడికి జిరాయితీ పాసుబుక్కు ఉందండి, సర్వే నంబరుతో సహా."

"చెరువెక్కడ?"

మేస్త్రీ గెడని నేలకి ఆనించి బలంగా తోశాడు.

"కొల్లేట్లోనేనండి. ఇదే బుడమేరు వచ్చి కలిసే మొగలో అడ్డంగా గట్టేశాడు."