వాసన లేని పొగ

మా వదిన ముక్కుకు నేను మొక్కుతాను. పటాన్‌చెరు పక్కనున్న మా చిట్కుల్‌కు కాపురానికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. గాలి ఎటు మళ్లిందో ఆమెకు తెలిసినంత తొందరగా వేపచెట్టు ఆకులకు కూడా తెలియదు. రాత్రి తొమ్మిది దాటాక గిన్నెలు తోముతూ తోముతూ ఒక్కసారి ఆగుతుంది. తల ఎత్తి, "కిటికీలు వెయ్యుండ్రి" అంటుంది. మేం లేచి వేసేలోగా ఘాటు గొంతులోకి దిగనే దిగుతుంది. ఒక రోజు కుళ్లిన క్యాబేజీలా ఉంటుంది, ఒక రోజు కాలిన ప్లాస్టిక్‌లా, ఇంకొక రోజు నోట్లో చిల్లర పైసలు పెట్టుకున్నట్టు. దేనికి ఏం వెయ్యాలో ఆమెకు తెలుసు. కర్పూరంతో అణిగేది ఏదో, ఊదు పొగ పెట్టాల్సింది ఏదో, నిమ్మతొక్కలు మరిగించినా పోనిది ఏదో ఆమెను అడగాల్సిందే. ఆ విద్య ఏ బళ్లోనూ నేర్పరు. ఈ ఊరే నేర్పింది.

చుట్టాలు వస్తున్నారంటే ఆ విద్య మొత్తం బయటికి వస్తుంది. మొన్న దసరా సెలవులకు వదినవాళ్ల పెద్దమ్మ, ఆమె కొడుకూ కోడలూ పిల్లలూ వచ్చారు. వారం ముందు నుంచే ఇల్లు తయారవడం మొదలైంది. గడపకు పసుపు, గోడలకు సున్నం, దర్వాజకు మామిడాకులు ఎవరింట్లోనైనా ఉండేవే. నేను మెచ్చుకునేవి వేరే ఉన్నాయి. దుప్పట్లన్నీ ఉతికి డాబా మీద కాకుండా ముందు గదిలో తాళ్లు కట్టి, ఫ్యాను కింద ఆరేసింది. డాబా మీద ఆరితే ఊరి వాసన పట్టుకుంటుంది, పడుకున్న చుట్టం మెత్తలో ముక్కు పెట్టగానే తెలిసిపోతుంది. చేపలు తెమ్మని అన్నను సంగారెడ్డి దాకా పంపింది. సంచి విప్పకముందే, "ఇక్కడి చెరువువి కావు గదా?" అని రెండు సార్లు అడిగింది.

నీళ్ల సంగతి మరీ చెప్పుకోవాలి. మా ఇంట్లో నీళ్లు మూడు రకాలు. బోరు నీళ్లు బాత్రూముకు, బండలు కడగడానికి. నల్లా నీళ్లు వంటకు. ఇరవై లీటర్ల క్యాను నీళ్లు తాగడానికి. వచ్చిన చుట్టం ఎక్కడ ఏ నీళ్లు ముట్టుకుంటాడో వదిన ముందే లెక్క వేసుకుంటుంది. గడప బయట కాళ్లకు పెట్టే చెంబులో మామూలు రోజుల్లో బోరు నీళ్లే ఉంటాయి. చుట్టాలొచ్చిన రోజు నల్లా నీళ్లు. బోరు నీళ్లు చెంబు అడుగున పచ్చటి చార వదులుతాయి, అది వాళ్ల కంట పడకూడదు. ముందు రోజు రాత్రే చింతపండు పెట్టి ఆ చెంబును బంగారంలా తోమింది. ఇంటికొచ్చిన మనిషికి మొదట ఇచ్చేవి నీళ్లే. ఆ మొదటి మర్యాదకే ఇంత ఆలోచన ఖర్చు పెట్టే ఇల్లాళ్లు ఉన్న ఊరు మాది.

మా అన్న పనిచేసేది ఆ ఘాటు వదిలే మందుల కంపెనీల్లో ఒకదాంట్లోనే. ఈ డాబా, ఈ టైల్స్, చుట్టాల కోసం కొన్న కొత్త మంచం అన్నీ ఆ జీతంలోంచి వచ్చినవే. కంపెనీలు రాకముందు మా నాన్న చేసిన వ్యవసాయంలో ఇన్ని గదులు కట్టగలిగేవాళ్లం కాదు. అందుకని నేను వాటిని మెచ్చుకోకుండా ఉండలేను. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, ఈ చుట్టుపక్కల తయారైన మందుబిళ్లలు సముద్రాలు దాటి పోతాయి. ఎక్కడో ఒక తల్లి తన బిడ్డకు జ్వరం దిగిందని కళ్లు తుడుచుకుంటే అందులో మా ఊళ్ల చెమట ఉంటుంది. మందు ఇవ్వడంలో ఇక్కడ లోభం లేదు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షిస్తే, శుద్ధి అయిపోయిన ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. కొన్ని సూక్ష్మజీవులకు హాని చేసే మోతాదుకు అది వెయ్యి రెట్ల పైన. రోగం ఉందా, చీటీ ఉందా అని అడగకుండా వాగుకూ చేపకూ గడ్డికీ మందు పోసిన చెయ్యి అది.

కోర్టుల ఓపికకూ దండం పెట్టాలి. ఈ కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకు చేరిన కేసు అక్కడి నుంచి హైకోర్టుకు, హైకోర్టు నుంచి హరిత ట్రిబ్యునల్‌కు నడిచి, 2017లో తీర్పు చూసింది. తొందరపడి ఎవరినీ నొప్పించలేదు. కేసు వేసిన ఏడాది పుట్టిన ఆడపిల్ల తీర్పు నాటికి ఇరవై ఏడేళ్ల ఇల్లాలు. ఆమె కూడా ఎక్కడో ఒక చెంబు తోముతూనే ఉండి ఉంటుంది.

ఇంటి వెనక మాకు నాలుగు కిరాయి గదులున్నాయి. వాటిలో ఉండేది ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన పిల్లలు. నాలుగు గదులకూ ఒకటే నల్లా. ఈ దసరాకు మా ఇంటికి మూడు చేతుల సున్నం వేశాం. వెనక్కి వెళ్లి ఆ గదుల గోడలకు ఒక్క చెయ్యి కూడా వెయ్యలేదు. ఆ పిల్లలు ఒక్క మాట అనలేదు. దూరం నుంచి మా ఊరికి వచ్చినవాళ్లు, లెక్కకు వాళ్లే అసలు అతిథులు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక కర్మాగారం పేలి నలభై మందికి పైగా చనిపోయారు. అందులో చాలామంది ఇలా వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లే. మరునాడు మా కిరాయి గదుల పిల్లలు టిఫిన్ డబ్బాలు పట్టుకుని మళ్లీ షిఫ్టుకు వెళ్లారు. అంత మర్యాదగల అతిథులకు మేం ఇచ్చింది ఒక్క నల్లా, ఒక్క బల్బు. ఆ సంగతి రాస్తుంటే నా చెయ్యి ఆగుతోంది, అయినా రాయాలి.

వచ్చిన చుట్టాలది మెదక్ వైపు, ఏడుపాయల దగ్గర ఊరు. వాళ్లు మా ఇంటికి ఏడాదికి ఒకసారి వస్తారు. మా వైపు నుంచి మాత్రం వాళ్ల ఊరికి రోజూ ఒకరు వెళ్తూనే ఉంటారు. మా నక్కవాగు పారి పారి మంజీరలో కలుస్తుంది, మంజీర ఉత్తరానికి తిరిగి ఏడుపాయల మీదుగా పోతుంది. ఎవరూ పిలవకపోయినా ఎండాకాలం, వానాకాలం అనకుండా చుట్టరికం నిలబెడుతున్న వాగు అది. ఉత్త చేతులతో ఎన్నడూ పోలేదు. పెద్దమ్మకు ఆ సంగతి తెలుసని ఆ రోజు దాకా మాకు తెలియదు.

మూడో రోజు అందరినీ రవీంద్రభారతికి తీసుకెళ్లాను. సురభి వాళ్ల మాయాబజార్. పాటా పద్యమూ మాటా కలిసి నడిచే మన నాటకాన్ని పెద్ద స్టేజీ మీద చూపించాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. దారిలో లింగంపల్లి దాటుతుంటే, సురభి వాళ్ల కాలనీ ఇక్కడే, మన ఇంటికి గంట దారి కూడా లేదు అని చెప్పాను. చెబుతుంటేనే సిగ్గేసింది. ఇంత దగ్గర ఉన్నవాళ్లను మేం ఒక్కసారైనా చిట్కుల్‌కు పిలవలేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన కుటుంబం వాళ్లది. వనారస గోవిందరావు పెట్టిన ఆ సమాజం పిల్లా జెల్లాతో పెరిగి, ఒక దశలో నలభైకి పైగా బృందాలైంది. మగవాళ్లే ఆడవేషాలు కట్టే కాలంలో వాళ్ల ఇంటి ఆడవాళ్లు ధైర్యంగా స్టేజీ ఎక్కారు. ఇప్పుడా బృందాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2013లో సురభి నాగేశ్వరరావు గారికి, అందరూ బాబ్జీ అని పిలిచే ఆయనకు, పద్మశ్రీ ఇచ్చారు. గౌరవించడంలో మనకు ఎవరూ సాటి రారు. శాలువా కప్పి, చప్పట్లు కొట్టి, ఇంటికి పోయి టీవీ పెట్టుకుంటాం. నేను కూడా అలాగే చేశాను.

తెర లేచింది. హార్మోనియం పలికింది. రంగుల తెరలు ఒకదాని వెనక ఒకటి జారుతుంటే తోట మేడైంది, మేడ అడవైంది. పిల్లలు కుర్చీల అంచుకు వచ్చి కూర్చున్నారు. ఆ కథలోనూ ముఖ్యమైన పని చుట్టాలకు ఇల్లు సిద్ధం చేయడమే. పెళ్లివారికి విడిది కావాలి, విందు కావాలి. ఘటోత్కచుడి మాయతో లేనివన్నీ ఉన్నట్టు లేచి నిలబడతాయి, మగపెళ్లివారు నమ్మి మురిసిపోతారు. నేను పక్కకు చూశాను. వదిన రెప్ప వెయ్యకుండా చూస్తోంది. స్టేజీ మీద వాళ్లు తాళ్లతో, తెరలతో, దీపాలతో చేసే పనిని ఆమె వారం రోజులుగా కర్పూరంతో, చింతపండుతో, మూసిన కిటికీలతో చేసింది. వాళ్లకు నూట నలభై ఏళ్ల సాధన ఉంది, వెనక తాళ్లు లాగే మనుషులున్నారు. వదిన ఒక్కతే అన్నీ లాగింది.

ఘటోత్కచుడు వచ్చేటప్పుడు స్టేజీ మీద తెల్లటి పొగ లేచింది. లేచి లేచి ముందు వరుసల దాకా వచ్చింది. హాలంతా చప్పట్లు. పెద్దమ్మ మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కొంతసేపటికి మెల్లగా తీసింది. రెండు సార్లు గాలి పీల్చి నా వైపు వంగింది.

"ఈ పొగకు వాసన లేదేంది కొడుకా?"

అప్పుడు అర్థమైంది. మూడు రాత్రులుగా ఆమెకు అంతా తెలుస్తూనే ఉంది. కిటికీలు ఎందుకు వేస్తున్నామో, ఊదు ఎందుకు పెడుతున్నామో, కాళ్లకు పెట్టిన చెంబు ఎందుకంత మెరుస్తోందో. అడిగితే బిడ్డ చిన్నబుచ్చుకుంటుందని ఊరుకుంది. దాచిన మనిషిదీ, దాచింది చూసి చూడనట్టున్న మనిషిదీ ఒకటే నెత్తురు. మిగతా నాటకం నేను సరిగా చూడలేకపోయాను.

ఇంటికి చేరేసరికి పదకొండు. గేటు తీస్తుండగానే గాలి మళ్లింది. వదిన చెప్పులు విడవకుండానే ముందు గదిలోకి ఉరికి కిటికీ రెక్క పట్టుకుంది.

"ఉండనీ బిడ్డా," అంది పెద్దమ్మ.

"మబ్బు పట్టింది పెద్దమ్మా, జల్లు కొడ్తది."

"జల్లు గాదు. మా వాగుల గూడ గిదే వాసన. ఇన్నేండ్ల సంది మా ఇంటికాడికి వస్తున్నదాని పుట్టిల్లు ఎట్లుంటదో నన్ను గూడ సూడనీ."

వదిన చెయ్యి కిటికీ రెక్క మీద అలాగే ఉండిపోయింది. తర్వాత వదిలేసింది. పెద్దమ్మ మంచం కిటికీ దగ్గరికి జరుపుకుంది. వదిన వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కింద కూర్చుంది. మొదట క్యాబేజీ వాసన ఎప్పుడు మొదలైందో, పెద్దోడు చిన్నప్పుడు రాత్రులు ఎందుకు దగ్గేవాడో, బోరు నీళ్లు ఏ ఏడు రంగు మారాయో చెప్పడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్లలో ఆమె ఈ మాటలు ఎవరితోనైనా అనగా నేను విన్నది అదే మొదటిసారి. వెనక గదుల్లోంచి నైట్ షిఫ్టుకు వెళ్లే పిల్లలు గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్లారు.