ముందు కర్ర, తర్వాత పేరు

పామును గుర్తుపట్టడానికి మన ఊళ్ళలో ఒక పద్ధతి ఉంది. ముందు కొట్టాలి. కదలడం మానేశాక కర్ర కొసతో తిరగేయాలి. అప్పుడు గుంపులోంచి ఓ పెద్దాయన ముందుకొచ్చి, కళ్ళజోడు సర్దుకుని, "ఒరేయ్, ఇది జెర్రిపోతురా, విషం లేదు దీనికి" అని తేల్చేస్తాడు. అప్పటిదాకా ఆయనెక్కడున్నాడని అడక్కండి. కర్ర అందించింది ఆయనే.

పోనీ, బతికుండగా పోల్చుకోలేనిదా అంటే, పట్టపగలు తిరిగే పాము. ఆరేడడుగుల పొడుగు, సన్నటి మెడ, పెద్ద గుండ్రటి కళ్ళు, పెదాల మీద కాటుకపుల్లతో గీసినట్టు నల్లగీతలు. పడగ ఊసే లేదు. అలికిడైతే చాలు, గట్టు దిగి పరుగు లంకించుకుంటుంది. పారిపోయేదాన్ని నలుగురు కూడి తరిమి కొట్టి, "మీదికొచ్చిందండీ" అని చెప్పుకోవాలంటే కొంత ప్రతిభ కావాలి. అది మనకు పుష్కలం.

దానిమీద మనం మోపిన నేరాలూ తక్కువేం కాదు. తోకలో విషముందట, తోకతో కొడితే ఆ చోటు కుళ్ళిపోతుందట. రాత్రిపూట ఆవు వెనక కాళ్ళకు బంధం వేసి పొదుగు కుడుస్తుందట. పొదుగు కుడిచే ఏర్పాటు పాము నోట్లో లేదు, ఉన్నవి వెనక్కి వంగిన సూదిపళ్ళు. ఆ పళ్ళతో పొదుగు పట్టుకుంటే కదలకుండా చేపిచ్చే ఆవు ఏ జిల్లాలో ఉందో చెబితే చూసొస్తాను. పాలు తగ్గినప్పుడు దాణా లెక్క చూసుకోవడం కంటే పాము మీదికి నెట్టడం సుఖం, అంతే.

వీటన్నిటికంటే నాకు ముచ్చటేసేది ఆ ప్రేమకథ. జెర్రిపోతులన్నీ మగవట, నాగుపాములన్నీ ఆడవట, రెంటికీ జతట. మరి జెర్రిపోతు గుడ్లు ఎవరు పెడుతున్నట్టు? ఆ మాటకు జవాబుండదు. చేలగట్టు మీద రెండు పాములు నిలువునా లేచి పెనవేసుకోగానే సెల్‌ఫోన్లూ లేస్తాయి. టీవీలో 'పాముల సయ్యాట' అని స్క్రోలింగ్, వెనకాల నాగస్వరం. భక్తుడొకాయన పరుగున వెళ్ళి కొత్త పంచె తెచ్చి వాటిమీద విసురుతాడు. ఆ పంచె బీరువాలో దాస్తే ఇంట సిరి నిలుస్తుందని నమ్మకం. ఇంతకీ అక్కడ సాధారణంగా జరిగేది కుస్తీ. రెండూ జెర్రిపోతులే, రెండూ మగవే. ఎదుటిదాని తల నేలకు అదిమిందే గెలిచినట్టు. ఓడింది దారి చూసుకుంటుంది, ఆడపాము దగ్గర అవకాశం గెలిచినదానిది. మల్లయోధుల మీద పట్టుబట్ట కప్పి లక్ష్మీదేవిని పిలిచేది మనమేనేమో! నాగుతో బంధుత్వమే కావాలంటే తూర్పు కనుమల్లోని గిరినాగును అడగండి. దానికి జెర్రిపోతంటే ప్రాణం. భోజనంలోకి.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేలమంది పోయారని పరిశోధకుల అంచనా. ఆ పద్దులో నాగుపాముంది, కట్లపాముంది, రక్తపింజరుంది. విషమే లేని జెర్రిపోతుకు అందులో చోటెక్కడిది? అయినా నాగుల చవితినాడు పుట్టలో పోసే పాలు నాగుపాముకే. పొరపాటున దాన్ని చంపితే పాలూ నెయ్యీ పోసి దహనం చేసేవాళ్ళున్నారు. జెర్రిపోతును తీసుకెళ్ళి కంపలో పారేస్తారు. భయపెట్టగలిగితేనే మర్యాద దక్కుతుందన్న సంగతి పాముల దగ్గరే కాదు, మండలాఫీసులో కూడా చూస్తున్నాం కదా.

పామును కంపలో పారేసిన చేత్తోనే మనవాడు ఎలుకల మందు కలుపుతాడు. వ్యవసాయశాఖ చెప్పే కొలత 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు బ్రోమాడయోలోన్. చిన్న పొట్లాలు కట్టి, కన్నం కన్నానికీ ఒకటి చొప్పున, ఊరంతా ఒకే రోజు పెట్టాలి. డెల్టాలో దానికి సామూహిక కార్యక్రమం, బ్యానరు, అధికారులు, ఫొటో. ఇదే పనిమీద కన్నాల్లోకే దూరి వెళ్ళే పనివాడు మాత్రం నూకలడగడు, నూనె అడగడు, ఫొటోకు నిలబడడు. అతణ్ణి మొన్ననే కొట్టి చంపాం.

ఇక ప్రభుత్వం సంగతి. ప్రపంచ ఎర్ర జాబితా జెర్రిపోతును అంతరించే ముప్పు తక్కువున్న జీవుల్లో చేర్చింది. మనవాళ్ళు అంతటితో సరిపెట్టలేదు. ఒకప్పుడు చర్మం కోసం వీటిని లెక్కలేనన్ని వలిచిన దేశం మనది. పాముచర్మాల ఎగుమతిని ఆపింది 1976లో. వన్యప్రాణి రక్షణ చట్టాన్ని 2022లో సవరించి జెర్రిపోతును ఒకటో షెడ్యూలుకెక్కించారు. అంటే పులి పక్కన కుర్చీ. అమల్లోకొచ్చింది 2023 ఏప్రిల్ 1న. తేదీ చూసి నవ్వకండి, నిజంగానే వచ్చింది. చంపితే మూడు నుంచి ఏడేళ్ళ జైలు, పాతిక వేలకు తగ్గని జరిమానా.

పులిని చంపినవాడు చర్మం దాచుకుంటాడు. జెర్రిపోతును చంపినవాడు దాన్ని కర్రకు వేలాడదీసి, తన మొహం కనబడేలా, వెనక వీధి బోర్డుతో సహా వీడియో తీసి, "మా కాలనీలో కింగ్ కోబ్రా ఖతం" అని స్టేటస్ పెడతాడు. నేరస్థుడే సాక్ష్యం సమకూర్చి, తేదీ వేసి, ఊరందరికీ పంచిపెట్టే నేరం మన శిక్షాస్మృతిలో ఇంకోటి ఉందో లేదో వకీళ్ళు చెప్పాలి. కింద కామెంట్లు దండిగా ఉంటాయి. "సూపర్ అన్నా." "శివయ్య కాపాడాడు." "జాగ్రత్త బ్రో, దీని జంట పగబడుతుంది, పన్నెండేళ్ళయినా వెతుక్కుంటూ వస్తుంది." ఫారెస్టువాళ్ళు వెతుక్కుంటూ వస్తారని మాత్రం ఒక్కడూ రాయడు. మనవాళ్ళకు అనుభవం ఉంది మరి.