కాకి, డేగ, పికాచూ

మా మేనల్లుడు భీమవరంలో ఇంజనీరింగు వెలగబెడుతున్నాడు. పోయిన భోగికి ముందురోజు మా అక్కావాళ్ళ ఊరు వెళ్ళేసరికి వాడు వీధరుగు మీద కూర్చుని, చేతిలో నింటెండో పలక పట్టుకుని, ఇంట్లో ఎవరో పోయినట్టు మొహం పెట్టాడు. ఏంట్రా అంటే, "ఫార్ములా మార్చట్లేదు మావయ్యా" అన్నాడు.

పోకెమాన్ సంగతి. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారట, అంటే వేషం కట్టే ఆట. 1996లో జపాన్‌లో మొదలైంది. పల్లెటూరి కుర్రాడొకడుంటాడు. ప్రొఫెసరుగారు పిలిచి మూడు బుల్లి జంతువులు చూపించి ఒకటి ఏరుకోమంటాడు: గడ్డిది, నిప్పుది, నీళ్ళది. దాన్ని మేపి, సాకి, ఊరూరా తిప్పి, ఎనిమిది జిమ్ముల్లో ఎనిమిది మంది మొనగాళ్ళ మీద గెలిచి ఎనిమిది బిళ్ళలు సంపాదించాలి. ఆ పైన నలుగురు మహామహులు, వాళ్ళ నెత్తిమీద ఒక ఛాంపియను. మధ్యలో తగులుకోవడానికో దొంగల ముఠా. ఇప్పటికి తొమ్మిది తరాల ఆటలొచ్చాయి, 151 జంతువులు కాస్తా 1,000 దాటాయి, కథ మాత్రం పక్కకి జరగలేదు.

"ముప్పయ్యేళ్ళుగా ఒకటే ఆట మళ్ళీ మళ్ళీ అమ్ముతున్నారు. జనం ఎగబడి కొంటున్నారు. ఎవరికీ సిగ్గనిపించదా మావయ్యా?"

నేను జవాబు చెప్పలేదు. వాడి తలకాయ మీదుగా ఎదురుగుండా చేలోకి చూస్తున్నాను. ట్రాక్టరు మట్టి చదును చేస్తోంది. కుర్రాళ్ళు వెదురు పాతి దడి కడుతున్నారు. షామియానాల లారీ గట్టు ఎక్కలేక మూలుగుతోంది. పోయినేడూ అక్కడే, ఆ ముందేడూ అక్కడే. వీడు పుట్టకముందు కూడా ఆ చేలోనే.

వీడి బాధ చూస్తే నాకు నవ్వొచ్చింది. పందెం కోళ్ళ దేశంలో పుట్టినవాడు జపాన్ వాళ్ళని ఫార్ములా మార్చలేదని తిట్టడం ఏమిటి! ఆ ఆట కిటుకంతా ఒక పట్టికలో ఉంది: నిప్పు గడ్డిని కాలుస్తుంది, గడ్డి నీటిని తాగేస్తుంది, నీరు నిప్పుని ఆర్పుతుంది. అలాంటి జాతులు 18. ఏది దేని మీద గెలుస్తుందో బట్టీ పట్టినవాడే గొప్పవాడు. అంతేగదా? మన కుక్కుట శాస్త్రం ముందు అది ఎక్కాల పుస్తకం. కాకి, డేగ, నెమలి, సేతువ, పర్ల, మైల, కౌజు, అబ్రాసు, పింగళ, రసంగి అని ఈకల రంగుని బట్టి కోళ్ళని విడదీసి, ఏ వారం ఏ నక్షత్రంలో ఏ దిక్కు నుంచి వదిలితే ఏ రంగు ఏ రంగుని కొడుతుందో రాసిపెట్టారు. మిగతా రోజుల్లో కూతురికి సంబంధం చూడ్డానికి కూడా పంచాంగం తియ్యనివాడు పండగ మూడు రోజులూ కోడి జాతకం చంకలో పెట్టుకు తిరుగుతాడు. జపాన్ వాళ్ళ ఆటకి ఇంకా నక్షత్రాలు తగల్లేదు, పాపం.

అన్నట్టు 2002లో వచ్చిన రూబీ, సఫైర్ ఆటల్లో టార్చిక్ అని ఒక నిప్పు కోడిపిల్లని పెట్టారు. మేపితే కంబస్కెన్ అవుతుంది, ఇంకా మేపితే బ్లేజికెన్ అని మనిషెత్తు పుంజై, మణికట్ల నుంచి మంటలు చిమ్ముతూ కాళ్ళతో తంతుంది. మేనల్లుడు చూపించాడు. మా బావ కళ్ళజోడు సవరించుకుని, "డేగలా ఉంది, ఎంత చెప్తున్నారు?" అన్నాడు.

ఆ కంపెనీ దాదాపు ప్రతిసారీ ఒకటే ఆటని రెండు వెర్షన్లుగా అమ్ముతుంది, ఎరుపూ ఆకుపచ్చా అని. ఒకదాంట్లో దొరికే జంతువు రెండోదాంట్లో దొరకదు కాబట్టి రెండూ కొనాలి. మనకీ తూర్పు, పశ్చిమ గోదావరి అని రెండే ఉండేవి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు చీల్చాక కాకినాడ, కోనసీమ, ఏలూరు వెర్షన్లు కూడా విడుదలయ్యాయి. ప్రతి వెర్షన్‌కీ కొత్త కలెక్టరు, కొత్త ఎస్పీ. కోడికి మాత్రం ఈ విభజన సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

వేషాలు కట్టడంలో కూడా వాళ్ళు మన కాలిగోటికి చాలరు. అక్కడ వేషం కట్టేది ఆడేవాడొక్కడే. ఇక్కడ జిల్లా మొత్తం కడుతుంది. డిసెంబరు వచ్చిందంటే ఖాకీ వేషం తెరమీదికొస్తుంది: ఈసారి ఉపేక్షించేది లేదు, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 1974 నాటి గేమింగ్ చట్టం, బైండోవర్లు, ఓ గోనెసంచిలో స్వాధీనమైన కత్తులు, బరి దున్నేస్తున్న ట్రాక్టరు ఫోటో. (దున్నే ట్రాక్టరూ, వారం పోయాక చదును చేసే ట్రాక్టరూ ఒకటేనని గిట్టనివాళ్ళు అంటారు. నేను నంబరు చూడలేదు.) తర్వాత ఖద్దరు వేషం: "సంప్రదాయమండీ, తాతల నాటిదండీ, జనం మనోభావాలండీ, ఆయ్!" అంటూ పంచె ఎగ్గట్టి, పుంజుని చంకనెత్తుకుని ప్రారంభోత్సవం చేస్తుంది. భోగి మధ్యాహ్నానికి ఖాకీ వేషం ట్రాఫిక్ సర్దే వేషంలోకి మారిపోతుంది. పత్రికల వేషం మరీ గొప్పది. మొదటి పేజీలో "యథేచ్ఛగా కోడి పందేలు" అని కళ్ళు తుడుచుకుని, లోపలి పేజీలో ఏ బరిలో ఎన్ని కోట్లు చేతులు మారాయో లొట్టలేసుకుంటూ రాస్తుంది.

ఇక మార్పు సంగతి. నిజం చెప్పాలంటే జపాన్ వాళ్ళు మార్చకపోలేదు. మార్చిన ప్రతిసారీ తన్నులు తిన్నారు. 2010లో బ్లాక్, వైట్ అని తెచ్చారు. అసలు కథ అయ్యేదాకా పాత జంతువు ఒక్కటీ కనపడదు, అన్నీ కొత్తవే. అంతకన్నా పెద్ద సాహసం, ఆటలోనే ఒక కుర్రాడిని పుట్టించి, "వీటిని పట్టుకొచ్చి మీ సరదాకి కొట్లాడించడం తప్పు కాదా?" అని అడిగించారు. పద్నాలుగేళ్ళు ఆట అమ్మినవాడు ఆ ఆట పునాదినే ప్రశ్నించాడు చూడండి, మన ఏ సంక్రాంతిలోనైనా అలాంటి వేషం ఒకటి కట్టారా? పైగా కథ చివర్లో ఏం తేలుతుందంటే, జంతువుల విముక్తి అని ఊరూరా ఉపన్యాసాలిచ్చిన పెద్దాయన అసలు పథకం వేరు. అందరూ తమ జంతువుల్ని వదిలేస్తే, అవి తన ఒక్కడి దగ్గరే మిగలాలని. ఈ మలుపు రాసినాయన మా వైపు ఎప్పుడైనా వచ్చి వెళ్ళాడేమోనని నాకు అనుమానం.

జనం ఏం చేశారు? పాతవి కావాలని గోల పెట్టారు. 2012లో వచ్చిన రెండో భాగంలో పాతవాటిని పిలుచుకొచ్చారు. 2016 నవంబరులో సన్, మూన్ అని మళ్ళీ ధైర్యం చేసి, ఏకంగా జిమ్ములే ఎత్తేసి దీవుల్లో పరీక్షలు పెట్టారు. 2019లో సోర్డ్, షీల్డ్ వచ్చేసరికి జిమ్ములు తిరిగొచ్చాయి, అదీ వేల మంది కేకలేసే స్టేడియాల్లో. విచిత్రం చూడండి, ఆ 2016లోనే డిసెంబరు నెలాఖర్న మన ఉమ్మడి హైకోర్టు కూడా కోడి పందేలు ఆపి తీరాలంది. పాత ఫార్ములాకి తిరిగి రావడానికి వాళ్ళకి మూడేళ్ళు పట్టింది. మనవాళ్ళు మూడు వారాల్లో వచ్చేశారు. టెక్నాలజీలో ఎవరు ముందున్నారో మీరే చెప్పండి.

గ్రాఫిక్సులోనూ మనదే పైచెయ్యి. 2022లో వచ్చిన వాళ్ళ స్కార్లెట్, వైలెట్ ఆటల్లో బొమ్మ కుంటింది, మనుషులు నేలలోకి దిగబడిపోయారు. అయినా తొలి 3 రోజుల్లో కోటి కాపీలు పోయాయి. మన బరి దగ్గర బొమ్మకి వంకపెట్టేవాడెవడు? ఫ్లడ్‌లైట్లు, ఎల్‌ఈడీ తెరలు, డ్రోన్లు, వీఐపీ గ్యాలరీ, బౌన్సర్లు, బిర్యానీ, గెలిచినవాడికి బుల్లెట్టు బండి. చిల్లర లేదని బెంగక్కర్లేదు, ఫోన్‌తో స్కాన్ చేసి కట్టెయ్యొచ్చు. తాతల నాటి సంప్రదాయం కదా, మా తాత కూడా క్యూఆర్ కోడ్‌తోనే కట్టుంటాడు.

ఒక్క మార్పు మాత్రం ఏ పెద్దమనిషీ నోరెత్తి అడగడు. కత్తి. కత్తి కట్టకుండా ఆడే డింకీ పందెం కూడా మన సంప్రదాయంలోదే, ఎక్కణ్ణుంచో తెచ్చుకోనక్కర్లేదు. మరి పెద్ద బరుల్లో దానికి గిరాకీ ఎందుకు లేదని మా బావని అడిగాను. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. "డింకీ తెమలదు బావా. అరగంటైనా రెండూ నిలబడే ఉంటాయి. కత్తి కడితే రెండు నిమిషాలు. రోజుకెన్ని పందేలు పడతాయో లెక్కేసుకో" అన్నాడు. పౌరుషం, వీరత్వం, పల్నాటి నాగమ్మ, బ్రహ్మనాయుడు అన్నీ విన్నాక అసలు రహస్యం ఇదీ. కత్తి కట్టింది గంటకిన్ని పందేలు నడవడానికి. పల్నాటి కథలో అయితే పందెం ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలి పోవాలన్నది షరతు. అంత పాత సంప్రదాయం మీద అంత ప్రేమ ఉన్నవాళ్ళు ఈ నియమాన్నొక్కదాన్నీ తిరిగి అమలు చేస్తే సగం నియోజకవర్గాల్లో ఉప ఎన్నికలొచ్చేవి.

ఓడినవాడి సంగతి వాళ్ళ ఆటలో చాలా సుళువు. తొలినాటి ఆటల్లో ఓడితే చేతిలో డబ్బు సగం పోయేది, అంతే. మన దగ్గర ఆ సగం అనే దయ లేదు. సంక్రాంతి ఎప్పుడొస్తుంది? సార్వా ధాన్యం డబ్బులు చేతికందాక, దాళ్వా పెట్టుబడికి అవి కావలసిన వేళకి. కౌలు రైతు బరి దాకా కూడా వెళ్ళక్కర్లేదు, దారిలోనే గుండాట బల్ల ఉంటుంది. పక్కనే పేకాట, అవతల కోతాట. నాట్లకీ ఎరువుకీ దాచింది కోడి కూత వినకుండానే అయిపోతుంది. కోడి పేరు చెప్పి నడిచే ఈ సంతలో కోడి వాటా చాలా తక్కువ. అది బోర్డు మీద బొమ్మ, లోపల దుకాణం వేరు.

2022లోనే లెజెండ్స్ ఆర్సియస్ అని ఒక ఆటలో ఇంకో మార్పు తెచ్చారట. జంతువు ఎదురు తిరిగి ఆడేవాడి మీదికే దూకుతుంది, తప్పించుకోకపోతే పడిపోతాడు. మేనల్లుడు దీన్ని మహా విప్లవం అన్నాడు. ఒరే అబ్బాయీ, 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లాలో కత్తి కట్టిన కోడి కాలు తగిలి దాని యజమానే పోయాడు. 2023 సంక్రాంతికి మన తూర్పు గోదావరి జిల్లాలో చూడ్డానికొచ్చిన మనిషి అలాగే పోయాడు. జగిత్యాల కేసులో ఆ కోడిని స్టేషనుకి తీసుకెళ్ళి, తాడుతో కట్టేసి, గింజలేసి కాపలా కాశారు. ఇన్నేళ్ళ ఈ ఆటలో వేషం కట్టకుండా వచ్చినది కోడి ఒక్కటే, స్టేషన్లో కూర్చున్నదీ అదే.

నా వేషం చెప్పలేదు కదూ. ఏటా జనవరి మొదటి వారంలో సంపాదకుడు ఫోన్ చేస్తాడు. "గురువుగారూ, పండగ సంచిక. కోడి పందేల మీద మీదైన శైలిలో ఘాటుగా." నేను ఘాటుగా రాస్తాను. ఆయన వేస్తాడు. ఖద్దరు వేషం చదివి, "భలే చురకేశారండీ" అని నాకే ఫోన్ చేసి మెచ్చుకుంటుంది. పోయినేడాది వ్యాసమే పేర్లు మార్చి పంపినా ఎవరికీ తెలియదని ఈసారి అనిపించింది. తెలియదని రూఢి అయింది కూడా, ఎలా అయిందని అడక్కండి.

కనుమనాడు కాకైనా కదలదంటారు. మా బావ కాకి మాత్రం ఆ రోజు పొద్దున్నే కదిలి, బరిలో దిగి, గెలిచింది. ఓడిన కోడి గెలిచినవాడిదే కాబట్టి మధ్యాహ్నానికల్లా అది మా అక్క వంటింట్లో మసాలా పట్టించుకుంది. బాదం, జీడిపప్పు, ఉడకబెట్టిన గుడ్లు పెట్టి ఏడాదిపాటు ఎవడో ప్రాణంలా సాకిన కోడి. కనుమ కాబట్టి మినప గారెలు ఉండనే ఉన్నాయి.

మేనల్లుడు విస్తరి ముందు కూర్చుని కూడా పలక వదల్లేదు. వాడి బ్లేజికెన్ ఏదో జిమ్ములో ఓడి సొమ్మసిల్లిందట. పోకెమాన్ సెంటరుకి తీసుకెళ్ళాడు. బల్ల అవతల నర్సమ్మ దాన్ని తీసుకుంది, చిన్న పాట మోగింది, కోడి లేచి నిలబడింది. పైసా ఖర్చు లేదు.

పలక పక్కన పెట్టి వాడు విస్తట్లోకి చూశాడు. "ఇది ఏ రకం మావయ్యా?"

"రసంగి అనుకుంటాన్రా" అన్నాను. గారెలోకి పులుసు తక్కువైంది. ఇంకో గరిటె వెయ్యమని మా అక్కని కేకేశాను.