మిల్లు గొట్టానికి మీటరుంది, మన కుప్పకేదీ?

మీ రోజుల్లో చెత్త కాల్చలేదా అంటారు. ఎందుకు కాల్చలేదు, కాల్చాం! సిరిసిల్లలో మా వాకిలి ఊడిస్తే వచ్చేదేమిటి? వేపాకు, దుమ్ము, తిని పారేసిన విస్తరాకు. అదీ చాలామటుకు పెంటకుప్పలోకి, అక్కణ్ణుంచి పొలానికి. కాల్చడానికంటూ మిగిలేదే తక్కువ.

ఇప్పుడు సూరత్ పక్కనున్న ఈ పల్సానాలో మా గల్లీ చివరి కుప్ప చూడండి. పాల కవర్లు, గుట్కా పొట్లాలు, పిల్లల డైపర్లు, వాటిమీద చిందీ, అంటే మిల్లుల్లో మిగిలిన చీరముక్కలు. సూరత్ చీరలో పత్తి ఎక్కడిది? ఎక్కువగా పాలిస్టరే, అంటే ప్లాస్టిక్కే. అగ్గి పెడితే నూలులా బూడిదవ్వదు. ముడుచుకుని, కరిగి, చుక్కలుగా కారుతుంది. చల్లారాక చూస్తే గట్టి నల్లపూసలు. అందులో ఏ పీవీసీ ముక్కో పడిందా, డయాక్సిన్లు కూడా. చలికాలం పొద్దున ఆ పొగ పైకి లేవదు, నేలబారున పాకి నేరుగా వంటింట్లోకే.

"చెత్తబండి వచ్చేదాకా ఎవరాగుతరు కాకా, ఒక్క అగ్గిపుల్లతోని అయిపాయె" అంటాడు పక్కగదిలో ఉండే మగ్గం పిల్లగాడు. ఏమైపోయిందిరా, నీ ముక్కులోకే పోయింది! బండి సంగతి మాత్రం వాడన్నది నిజమే. అదెప్పుడొస్తుందో దాన్ని తోలేవాడికే తెలియాలి.

చెత్త ఎత్తించినవాళ్లు ఇక్కడ లేకపోలేదు. 1994లో ప్లేగు భయానికి సూరత్ జనం రైళ్లెక్కి పారిపోయారు. మరుసటేడు మన తెలుగాయన ఎస్.ఆర్.రావు కమిషనరుగా వచ్చి, ఆఫీసర్లను పొద్దున్నే వీధుల్లోకి దింపి ఊరు ఊడిపించాడు. ఆ చీపురు నగరం హద్దు దగ్గరే ఆగిందేమో మరి.

ఈ పొగ ఎవరిదని అడిగితే అందరి వేలూ మిల్లు గొట్టాల వైపే. వాటి పాపం వాటికుంది, కాదనను. కానీ 2019లో ఇక్కడి మిల్లుల గొట్టాలకు మీటర్లు పెట్టి, వదిలే మసికి లెక్కగట్టి, పర్మిట్లు కొని అమ్ముకునే పద్ధతి తెచ్చారు. మసికి ఇలాంటి బజారు ప్రపంచంలోనే ఇది మొదటిది. కుప్పకు మీటరెవడు పెడతాడు? చట్టం లేక కాదు. 2016 డిసెంబరులో హరిత ట్రిబ్యునల్ బయట చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్దఎత్తున కాలిస్తే 25,000 జరిమానా అంది. ఆ 5,000 కట్టిన మహానుభావుణ్ణి నేనింతవరకు చూడలేదు.

"అంత బాధైతే కంప్లైంట్ రాయి కాకా" అన్నాడు పిల్లగాడు, నవ్వుతూ. రాస్తా. గుజరాతీ మాట్లాడతాగానీ రాయడం రాదు. వాడి బిడ్డ బడిలో నేర్చుకుంటోంది, దానితోనే రాయిస్తా. మొదటి పేరు వాళ్ల నాన్నదే.